మాట్లాడుతూనే వినే రేడియో: రెట్టింపు మాటలో నిజమెంత?

ఒక రేడియో యంత్రం ఏ పౌనఃపున్యంపై సంకేతాలను పంపుతున్నదో, అదే క్షణాన అదే పౌనఃపున్యంపై ఇతరుల సంకేతాలను అందుకొనలేదని వైర్‌లెస్ శాస్త్ర గ్రంథాలు చాలాకాలం బోధించినవి. 2005లో ప్రచురితమై, ఇంజనీరింగు విద్యార్థులు ప్రమాణంగా చదివే ఆండ్రియా గోల్డ్‌స్మిత్ గ్రంథం కూడా అది సాధారణంగా సాధ్యం కాదనే చెప్పినది. ఆ పుస్తకం వచ్చి అయిదేండ్లు తిరిగేసరికి, 2010లో, అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అది సాధ్యమేనని చేసి చూపినారు. గోల్డ్‌స్మిత్ కూడా ఆనాడు అదే విశ్వవిద్యాలయంలో ఆచార్యురాలు కావడం ముచ్చటైన సంగతి. అదే సంవత్సరం రైస్ విశ్వవిద్యాలయంలో మెలిస్సా డ్వార్టే, ఆశుతోష్ సభర్వాల్ ఇటువంటి ప్రయోగ ఫలితాలనే ప్రకటించినారు. ఆ తరువాత 2013లో స్టాన్‌ఫర్డ్ నుండే దినేష్ భరాడియా, ఎమిలీ మెక్‌మిలిన్, సచిన్ కట్టి కలిసి "ఫుల్ డూప్లెక్స్ రేడియోస్" అనే పత్రాన్ని వెలువరించినారు. పంపడానికీ, అందుకోవడానికీ ఒకే యాంటెన్నా, ఒకే పౌనఃపున్యం, ఒకే కాలం.

ఈ పరిశోధనలతోపాటు ఒక మాట కూడా ప్రచారంలోకి వచ్చినది. ఇంతవరకు రేడియోలు వంతులవారీగా మాట్లాడుతూ, వింటూ ఉండేవి కనుక, రెండు పనులూ ఒకేసారి చేయగల రేడియో వైర్‌లెస్ సామర్థ్యాన్ని రెట్టింపు చేస్తుందన్నది ఆ మాట. వినడానికి ఇది కూడికలంత తేలికగా ఉన్నది. అందుచేతనే దీనిని పరీక్షించవలసి ఉన్నది. యంత్రం నిజమే, సాధించినది గొప్ప పనే. కాని రెట్టింపు మాట రెండు యంత్రాలమధ్య ఎంత నిజమో, వందల యంత్రాలుండే ఊరిలో అంత నిజం కాదు. పైగా ఆ మాట, ఈ రేడియో నిజంగా చేయగల మరొక మేలును మరుగుపరచినది.

ఇది పండితుల తగవు మాత్రమే కాదు. రేడియో తరంగాలు ప్రజల ఆస్తి అని మన సుప్రీంకోర్టు 1995లో తీర్పు చెప్పినది. 2010లో మూడవ తరం సెల్‌ఫోను సేవలకోసం ప్రభుత్వం కొన్ని పౌనఃపున్యాలను వేలం వేయగా సుమారు 67,719 కోట్ల రూపాయలు వచ్చినవి. ఉన్న తరంగాలే రెండింతల పనికి వస్తాయని ఎవరైనా చెబితే, ఆ మాట వెనుక ఉన్న లెక్కను అడిగే హక్కు ప్రతి పౌరునికీ ఉన్నది.

సెల్‌ఫోనులో ఇద్దరూ ఒకేసారి మాట్లాడుకోవడం లేదా అని విద్యార్థి అడుగవచ్చు. మాట్లాడుకొంటున్నారు, కాని ఒకే పౌనఃపున్యంపై కాదు. జి.ఎస్.ఎం. 900 అనే పద్ధతిలో ఫోను నుండి స్తంభానికి పోయే మాటకు 890 నుండి 915 మెగాహెర్ట్జ్‌ల వరకు, స్తంభం నుండి ఫోనుకు వచ్చే మాటకు 935 నుండి 960 వరకు కేటాయించినారు. రెండు దారులకూ నడుమ 45 మెగాహెర్ట్జ్‌ల ఎడం. ఇది రెండు రోడ్లు వేసి, ఒకటి పోవడానికీ మరొకటి రావడానికీ ఉంచడం వంటిది. వై-ఫైలో రోడ్డు ఒక్కటే. అయితే ఒకరు పోయిన తరువాతనే మరొకరు రావాలి. పోలీసువారి వైర్‌లెస్‌లో "ఓవర్" అని పలకడం ఈ వంతుకోసమే.

తీగల టెలిఫోనులో మాత్రం పోయే మాట, వచ్చే మాట రెండూ ఒకే జత తీగలపై ప్రయాణం చేస్తున్నవి. మాట్లాడేవాని గొంతు వాని చెవికే హోరుమని తగలకుండా హైబ్రిడ్ చుట్ట అనే అమరిక దానిని చాలవరకు తీసివేస్తుంది. దూరపు పిలుపులలో వినిపించే ప్రతిధ్వనిని తొలగించడానికి, ప్రతిధ్వని స్వభావాన్ని తానే నేర్చుకొని దానికి నకలు తయారుచేసి తీసివేసే పరికరాన్ని బెల్ ప్రయోగశాలలకు చెందిన మన్‌మోహన్ సోంధీ 1967లో వర్ణించినాడు. కనుక "నేను పంపినది నాకు తెలుసు, వచ్చినదానిలోనుంచి దానిని తీసివేస్తే మిగిలినది ఎదుటివాని మాట" అనే ఊహ 2010లో పుట్టినది కాదు. ఈ విషయంలో స్టాన్‌ఫర్డ్ వారి ఘనతను కొందరు ప్రచారకులు చూపవలసిన చోట చూపలేదు. కొత్తదనం సూత్రంలో లేదు; పరిమాణంలో ఉన్నది.

ఆ పరిమాణమెంతో చూడవలె. 2013 నాటి పత్రంలోని రేడియో 100 మిల్లీవాట్ల శక్తితో పంపుతుంది. గ్రాహకంలో సహజంగా ఉండే రొద మట్టం సుమారు ఒక పికోవాట్, అనగా వాట్‌లో లక్షకోట్ల వంతు. దూరాన్నుండి వచ్చే సంకేతాన్ని చక్కగా వినాలంటే సొంత గొంతు ఆ రొద మట్టానికి దిగిపోవాలి. 100 మిల్లీవాట్లకూ, ఒక పికోవాట్‌కూ నిష్పత్తి పదివేల కోట్లు. ఇంజనీర్ల భాషలో ఇది 110 డెసిబెల్లు. చెవి పక్కన నగారా మోగుతూ ఉండగా చీమ నడక వినాలన్నట్లున్నది ఈ కోరిక.

పంపే సంకేతం ముందే తెలుసు గనుక గణితంతో తీసివేస్తే చాలదా? చాలదు. గ్రాహకం తాను విన్నదానిని ముందుగా అంకెలుగా మార్చుకోవాలి. ఆ పనిచేసే 12 బిట్ల సాధనం 4,096 మెట్లను మాత్రమే గుర్తించగలదు. సొంత గొంతుకూ, రొద మట్టానికీ మధ్య కంపన పరిమితిలో తేడా మూడు లక్షల రెట్లకు పైబడి ఉన్నది. మెట్లన్నీ సొంత గొంతుకే సరిపోతే, ఎదుటివాని మాట మొదటి మెట్టుకు కూడా అందదు. లెక్కలోనికే రానిదానిని తరువాత ఏ గణితమూ బయటకు తీయలేదు. కనుక అంకెలుగా మార్చక మునుపే, తరంగం తరంగంగా ఉన్నప్పుడే, చాలభాగం తొలగించాలి.

2010లో స్టాన్‌ఫర్డ్ వారు ఇందుకు ఎన్నుకొన్న మార్గం పాఠశాల భౌతికశాస్త్రమే. ఒకే సంకేతాన్ని రెండు యాంటెన్నాలనుండి పంపి, వినే యాంటెన్నాను ఒకదానికంటె రెండవదానికి సగం తరంగదైర్ఘ్యం ఎక్కువ దూరంలో ఉంచినారు. రెండు తరంగాలూ ఎదురు దశలలో చేరి ఒకదానినొకటి చంపుకొంటవి. ఇదే వినాశక వ్యతికరణం. 2.4 గిగాహెర్ట్జ్‌ల వద్ద తరంగదైర్ఘ్యం 12.5 సెంటీమీటర్లు, సగం 6.25. ఆ పైన రేడియో వలయంలో కొంత, గణితంతో కొంత తగ్గించి, మొత్తంమీద సుమారు 60 డెసిబెల్ల తగ్గుదల సాధించినారు.

ఈ సొగసైన ఉపాయానికి రెండు లోపాలున్నవి. సగం తరంగదైర్ఘ్యం అన్నది ఒక్క పౌనఃపున్యానికే సరిపోతుంది. వై-ఫై వంటి సంకేతం ఒక గీత కాదు, ఒక పట్టీ. 2.40 నుండి 2.48 గిగాహెర్ట్జ్‌ల వరకు ఉన్న 80 మెగాహెర్ట్జ్‌ల పట్టీలో, నడిమి పౌనఃపున్యానికి దూరం సరిచేసి పెట్టినా, అంచులవద్ద దశ దాదాపు 3 డిగ్రీలు తప్పుతుంది. మూడు డిగ్రీలేగదా అనిపించవచ్చు. కాని ఆ మాత్రానికే అక్కడ తగ్గుదల 26 డెసిబెల్లకు మించదు. అసలు ఈ పద్ధతిలో కొలతల నాజూకు ఎంతటిదంటే, వ్యతికరణం ఒక్కదానితోనే 60 డెసిబెల్లు తగ్గించాలంటే దూరంలో పొరపాటు మిల్లీమీటరులో 50వ వంతుకు మించరాదు. తల వెంట్రుక దానికంటె మందం. రెండవ లోపం ఇంకా మౌలికమైనది. ఈ యంత్రానికి మూడు యాంటెన్నాలు కావాలి. అన్ని యాంటెన్నాలు ఉన్నవాడు, వాటినే వాడి, ఒకే దిక్కుగా రెండు వేర్వేరు సంకేత ధారలను పంపే పద్ధతి అప్పటికే ఆచరణలో ఉన్నది. రెట్టింపు లాభం అటునుంచి కూడా వస్తుంది. ఈ ఆక్షేపణకు 2010 నాటి పత్రంలో గట్టి సమాధానం లేదు.

సమాధానం 2013 పత్రంలో ఉన్నది, అందుకే అది గొప్ప పత్రం. సర్క్యులేటర్ అనే మూడు ద్వారాల పరికరం ఒక్క యాంటెన్నానే పంపడానికీ, వినడానికీ ఉపయోగపడేట్లు చేస్తుంది. ఒక ద్వారంలో ప్రవేశించిన తరంగం వరుసలో తరువాతి ద్వారంనుండే పోవాలి. అయినా కొంత వెనుకకు కారుతుంది. ఎదుటి గోడలనుండి, యాంటెన్నానుండి కూడా పరావర్తనాలు వస్తవి. వీటికి నకలు చేయడానికి పరిశోధకులు పంపే సంకేతంలో ఒక చిన్న పాలు తీసి, వేర్వేరు ఆలస్యాలుగల 16 దారులగుండా నడిపి, ఒక్కొక్కదాని బలాన్ని సరిచేసి, మళ్ళీ కలిపినారు. ఆలస్యాలు అనేకం కావడంవల్ల పట్టీ అంతటా నకలు సరిపోయింది.

ఆ పత్రంలో ఎక్కువగా గమనించదగినది వేరొకటి ఉన్నది. రేడియో తాను ఏమి పంపవలెనో తనకు తెలుసు. కాని నిజంగా ఏమి పంపుతున్నదో తెలియదు. శక్తిని పెంచే యాంప్లిఫయరు సంకేతాన్ని కాస్త వంకర చేస్తుంది. తన రొదను కూడా కలుపుతుంది. ఉద్దేశించిన సంకేతాన్ని మాత్రమే తీసివేస్తే ఈ వంకరా, రొదా అట్లే నిలిచిపోతవి. అవి కూడా దూరపు మాటకంటె ఎన్నో రెట్లు బలమైనవి. కనుక వంకరకు ప్రత్యేకమైన గణిత రూపం ఇచ్చి తొలగించినారు. ముందుగా తెలియని రొదను, యాంప్లిఫయరు దాటిన తరువాత తీసిన నకలుతో తరంగ దశలోనే తొలగించినారు. తనకు తెలిసిన మాటకూ, తన నోట వెలువడిన మాటకూ తేడా గుర్తించడం ఈ శాఖలో పెద్ద అడుగు. మొత్తం 110 డెసిబెల్లూ సాధించినారు. 80 మెగాహెర్ట్జ్‌ల వై-ఫై సంకేతంతో పరీక్షించగా, వంతులవారీ రేడియోకంటె 1.87 రెట్లు సమాచారం మధ్యస్థ విలువగా సాగినది.

1.87 అనగా రెట్టింపునకు చేరువే. అయితే ఈ అంకె దేనిని కొలిచినది? ఎదురెదురుగా ఉన్న రెండే రేడియోలను. రెండింటికీ పంపవలసినది ఎప్పుడూ సిద్ధంగా ఉన్నది. మూడవ రేడియో అడ్డులేదు. పత్రంలో ఇది దాచినది కాదు, చదివినవారే దాటిపోయినారు.

బయటి ప్రపంచంలో ఇచ్చిపుచ్చుకోవడాలు సరిసమానంగా ఉండవు. ఒక ఇంటివారు చలనచిత్రం తెప్పించుకొంటూ 10 పాళ్ళు అందుకొని 2 పాళ్ళు పంపుతున్నారనుకొంటే, వంతులవారీ రేడియోకు 12 పాళ్ళ కాలం పడుతుంది. ఏకకాల రేడియో ఆ రెండు పాళ్ళను పదింటిలోనే ఇముడ్చుతుంది. కాలం 10 పాళ్ళు. లాభం 1.2 రెట్లు మాత్రమే. యంత్రం ఎంత నిర్దోషమైనదైనా ఈ లెక్క మారదు.

దీనికి ఒక పరిహారం చెబుతారు. ఒకరికి పంపుతూ అదే సమయంలో మరొకరినుండి అందుకొంటే సరిపోవును గదా అని. స్తంభానికి ఏకకాల శక్తి ఉంటే ఫోనులు పాతవైనా చాలును. కాని అప్పుడు పంపే ఫోను గొంతు, వినే ఫోను చెవిలో పడుతుంది. స్తంభం తన గొంతును తాను తీసివేయగలదు, ఏలననగా తన మాట తనకు తెలుసు. పొరుగు ఫోను మాట ఈ ఫోనుకు తెలియదు. దానిని తీసివేయడానికి ఆధారమే లేదు. రెండు ఫోనులూ ఒకదానికొకటి దూరంగా ఉండేట్లు జతలను ఎంచవలసి వస్తుంది. ఒకే గదిలో ఉన్నవారికి ఆ ఎంపిక దొరకదు.

స్థలం విషయం ఇంకా చిక్కైనది; దీనిని ఉపాధ్యాయులు తరగతిలో నల్లబల్లపై గీసి చూపవచ్చు. వంతులవారీ సంభాషణలో వినేవాని చుట్టూ మాత్రమే నిశ్శబ్దం కావాలి. పంపేవాని పక్కన ఎవరు మాట్లాడినా నష్టం లేదు. ఏకకాల సంభాషణలో ఇద్దరూ వినేవారే కనుక ఇద్దరి చుట్టూ నిశ్శబ్దం కావాలి. ఇద్దరి మధ్య దూరం ఎంతో, నిశ్శబ్ద వృత్తపు వ్యాసార్థం కూడా అంతే అనుకొంటే, ఒకదాని కేంద్రం మరొకదాని పరిధిపై ఉండే రెండు సమాన వృత్తాలు ఏర్పడుతవి. రెండూ కలిసి ఆక్రమించే వైశాల్యం ఒక వృత్తానికి 1.61 రెట్లు. రెట్టింపు మాటలకు 1.61 రెట్ల చోటు ఖర్చయినది. నికరంగా మిగిలిన లాభం 1.24 రెట్లు. ఇది స్థూలమైన గణితం, అది కూడా ఉదారమైనది. ప్రతి జతలోనూ ఇప్పుడు ఇద్దరు అరిచేవారున్నారన్న సంగతిని ఇందులో చేర్చలేదు.

ఈ ప్రశ్ననే 2014లో షియూఫెంగ్ షియె, షిన్యూ ఝాంగ్ అనే పరిశోధకులు క్షుణ్ణంగా పరిశీలించినారు. అనేక జతలు ఒకే ప్రాంతంలో పనిచేసేటప్పుడు లాభం సాధారణంగా రెట్టింపునకు చాలా తక్కువనీ, ఒకరి అల్లరి పోయే దూరం ఒకరి మాట వినిపించే దూరానికి సమీపించినకొద్దీ లాభం ఒకటికి, అనగా శూన్యలాభానికి, చేరువవుతుందనీ వారు తేల్చినారు. ఎవరి వంతు వారు స్వయంగా నిర్ణయించుకొనే వై-ఫై వంటి పద్ధతులలో లాభం ఇంకా తగ్గుతుందట. యంత్రం గురించిన వార్తకు వచ్చిన ప్రచారంలో పదోవంతు కూడా ఈ పత్రానికి రాకపోవడం విచారకరం.

ఆచరణలో నియమాలు రూపొందించేవారు ఏమి చేసినారో చూస్తే ఈ సంగతి రూఢి అవుతుంది. ఏకకాల పద్ధతిని మొదట మనసారా స్వీకరించినది కేబుల్ పరిశ్రమ. 2017లో వారి డాక్సిస్ ప్రమాణాలలో దానికి చోటిచ్చినారు. అక్కడ తరంగం తీగలో పోతుంది. పొరుగువాడు గాలిలోనుంచి వచ్చి పడడు. సెల్‌ఫోను ప్రమాణాలను తయారుచేసే 3జి.పి.పి. సంస్థ 2024లో ముగిసిన తన 18వ విడతలో పరిశీలించినది అర్ధ రూపాన్ని మాత్రమే. స్తంభం ఏకకాలంలో పంపుతుంది, వింటుంది. కాని పట్టీలోని వేర్వేరు ముక్కలపైన. ఫోనుకు ఆ బరువు పెట్టలేదు. 2013 నాటి 16 దారుల వలయం అరచేయంత పలక. అది ఫోనులో పట్టదు. అయస్కాంతం అక్కరలేని సర్క్యులేటర్‌ను సిలికాన్ చిప్‌పైననే నిర్మించవచ్చునని కొలంబియా విశ్వవిద్యాలయంలో నెగార్ రెయిస్కరిమియన్, హరీష్ కృష్ణస్వామి 2016లో చూపినారు గనుక పరిమాణం సమస్య తీరే దారిలో ఉన్నదనవచ్చు. పొరుగు ఫోను సమస్యను మాత్రం చిప్ తీర్చజాలదు.

ఇక మరుగున పడిన మేలు. వేగం సంగతి వదిలి, తరంగాలను పదిమంది పంచుకొనే విషయంలో ఈ రేడియోను చూడవలె. తీగలపై నడిచే ఈథర్నెట్‌ను మెట్‌కాఫ్, బాగ్స్ 1976లో వర్ణించినప్పుడు అందులో ఒక మర్యాద ఉన్నది. ప్రతి యంత్రం మాట్లాడుతూనే తీగను వింటుంది. మరొకరు కూడా మొదలుపెట్టినారని తెలిసిన మరుక్షణం ఆగిపోతుంది. 1997లో వచ్చిన వై-ఫై ప్రమాణంలో ఆ మర్యాద లేదు, ఉండే వీలూ లేదు. రేడియో మాట్లాడేటప్పుడు చెవిటిది. రెండు యంత్రాలు ఒకేసారి మొదలుపెడితే రెండూ చివరిదాకా అరచి, తరువాత సమాధానం రాలేదని గ్రహించి, మళ్ళీ మొదటినుండి ప్రారంభించాలి. మాట్లాడుతూనే వినగల రేడియో ఆ వృథాను మధ్యలోనే ఆపగలదు. ఇందుకు ఇచ్చిపుచ్చుకోవడాలు సమానంగా ఉండనక్కరలేదు.

మరొకటి కూడా ఉన్నది. ఒక వినేవాడు, వానికి ఇరువైపులా దూరంగా ఇద్దరు పంపేవారు. ఆ ఇద్దరూ ఒకరికొకరు వినపడరు. ఇద్దరూ దారి ఖాళీ అని భ్రమించి పంపుతారు. నడిమివాడు ఏదీ వినలేడు. దీనికి తొబాగి, క్లైన్‌రాక్ 1975లోనే మందు చెప్పినారు. వినేవాడు వింటున్నంతసేపూ "తీరిక లేదు" అనే ఒక స్వరాన్ని పలుకుతూ ఉండాలి. ఆ స్వరానికి వేరే పౌనఃపున్యం కావలసి రావడం దాని చిక్కు. 2010 నాటి స్టాన్‌ఫర్డ్ పత్రం ఆ స్వరాన్ని అదే పౌనఃపున్యంపై పలుకవచ్చునని సూచించినది. రెట్టింపు వాదం కింద ఈ సూచన అణగిపోయినది గాని, ఆ పత్రంలో ఎక్కువకాలం నిలువదగిన భాగం ఇదే కాబోలు.

మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్‌ల పట్టీని 2005లో లైసెన్సు అక్కరలేకుండా అందరికీ వదిలినారు. అపార్టుమెంటులో ఒక గోడకు ఇటూ అటూ పది వై-ఫై పెట్టెలు ఇటువంటి పట్టీలోనే పెనుగులాడుతున్నవి. ఏకకాల రేడియో చెవి పనికివచ్చే చోటు ఇది. పొరుగింటి పెట్టె గొంతు బలంగానే వినబడుతుంది గనుక 110 డెసిబెల్లు కూడా ఇక్కడ అక్కరలేదు. అంతకంటె తక్కువతోనే ఢీకొట్టుకోవడాన్ని గుర్తించవచ్చు.

హక్కుదారు ఒకరుండగా, వారు వాడనప్పుడు ఇతరులు వాడుకొనే పట్టీల సంగతి వేరు. అమెరికా ఎఫ్.సి.సి. 2008లో టెలివిజన్ స్టేషన్లకు చెందిన ఖాళీ పౌనఃపున్యాలను ఇతర యంత్రాలకు తెరిచినప్పుడు, స్టేషన్ సంకేతం మైనస్ 114 డెసిబెల్-మిల్లీవాట్ల బలహీనతలో ఉన్నా గుర్తించాలని నియమం పెట్టినది. చేతిలో పట్టే యంత్రాలకు అనుమతించిన గరిష్ఠశక్తి 100 మిల్లీవాట్లు, అనగా ప్లస్ 20. మాట్లాడుతూనే ఆ సంకేతాన్ని పట్టాలంటే తేడా 134 డెసిబెల్లు; 2013లో సాధించినదానికంటె 24 ఎక్కువ, అంటే మరొక 250 రెట్లు. 2010లోనే ఎఫ్.సి.సి., స్థలాన్ని బట్టి ఖాళీలు చెప్పే సమాచార పట్టికను సంప్రదించే యంత్రాలకు ఈ వినికిడి నియమాన్ని తొలగించినది. 2015లో 3550 నుండి 3700 మెగాహెర్ట్జ్‌ల పట్టీని నౌకాదళ రాడార్లతో పంచుకొనే ఏర్పాటు చేసినప్పుడు కూడా, రాడార్‌ను కనిపెట్టే పని ప్రతి రేడియోకూ అప్పగించలేదు; తీరం వెంబడి ప్రత్యేకంగా నెలకొల్పే వినికిడి కేంద్రాలకు అప్పగించినారు. ఆ కేంద్రాలు వినడమే తప్ప పట్టీలో మాట్లాడవు.